మెదడు ఉద్దీపనలో పీహెచ్‌డీ: ఇంటర్వ్యూకు నేను చదివిన తీరు

శస్త్రచికిత్స లేకుండా మెదడును ఉద్దీపింపజేసే పరిశోధనలో పీహెచ్‌డీ సీటు కోసం చదువుతున్న మిత్రులారా, ఇక్కడ ప్రశ్నలు ‘ఏ జబ్బుకు పనికొస్తుంది’ అని మొదలైనా ‘పనిచేసిందని మీకెలా తెలుసు’ దగ్గరికే చేరతాయి. నా ప్రిపరేషన్ అంతా ఈ రెండో ప్రశ్న చుట్టూనే సాగింది.

నాది జీవశాస్త్రం. అందుకే ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణను మళ్లీ మొదటి నుంచి చదివాను. తలపై పెట్టిన తీగచుట్ట(కాయిల్)లో కరెంటు ఒక్కసారిగా మారితే పుట్టే అయస్కాంత క్షేత్రం పుర్రెను దాటి మెదడు పైపొరలో విద్యుత్తును ప్రేరేపిస్తుంది. 1985లో షెఫీల్డ్‌లో బార్కర్ బృందం చేసి చూపింది ఇదే. అదే టీఎంఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్). టీడీసీఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ డైరెక్ట్ కరెంట్ స్టిమ్యులేషన్) దారి వేరు. అందులో తలపై పెట్టిన ఎలక్ట్రోడ్ల ద్వారా ఇచ్చే 1-2 మిల్లీఆంపియర్ల కరెంటు న్యూరాన్లను నేరుగా ఉత్తేజపరచదు, అవి స్పందించే తీరును కాస్త అటూఇటూ జరుపుతుందంతే. ఈ తేడాను సొంత మాటల్లో చెప్పడం రావాలి.

ఎక్కువ సమయం పెట్టాల్సింది మాత్రం మోటార్ థ్రెషోల్డ్ మీద. కండరం విశ్రాంతిలో ఉండగా, పది టీఎంఎస్ పల్సుల్లో కనీసం ఐదింటికి ఆ కండరంలో 50 మైక్రోవోల్టులు దాటిన విద్యుత్ స్పందన తెప్పించే అతి తక్కువ తీవ్రత అది. నిర్వచనం బట్టీ పడితే చాలదు, వీలైతే ఏదైనా ల్యాబ్‌లో కూర్చుని చూడండి. కాయిల్ కొద్దిగా పక్కకు జరిగితే చాలు, వేలి కదలిక మాయమవుతుంది. అదే మనిషి చేతిని కాస్త బిగిస్తే తెర మీద అలలు అమాంతం పెరుగుతాయి. ఆ గంటసేపు చూసింది ఏ పుస్తకమూ నేర్పలేదు.

షామ్ గురించి, అంటే పోల్చి చూడటానికి ఇచ్చే నకిలీ ఉద్దీపన గురించి తప్పక అడుగుతారు. టీడీసీఎస్‌లో మొదట కాసేపు కరెంటు ఇచ్చి ఆపేస్తారు, చర్మం చురచురమంటుంది కాబట్టి అసలుదో నకిలీదో పాల్గొన్నవారికి తెలియడం కష్టం. టీఎంఎస్‌లో టక్కుమనే చప్పుడూ, నెత్తిమీద తట్టినట్టుండే స్పర్శా ఉంటాయి. వాటిని నమ్మకంగా అనుకరించడం అంత సులువు కాదు.

భద్రత ప్రశ్నలు తేలికే: మూర్ఛ చరిత్ర, తలలో లోహం, కాక్లియర్ ఇంప్లాంట్. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మరొకటి: ‘టీఎంఎస్ పల్సులను సెకనుకు ఒకటి చొప్పున (1 హెర్ట్జ్) ఇస్తే మెదడు ఉత్తేజాన్ని తగ్గిస్తుంది, పది చొప్పున (10 హెర్ట్జ్) ఇస్తే పెంచుతుంది, ఒప్పుకుంటారా?’ సగటున అవునని, కానీ ఒక్కొక్కరిని విడిగా చూస్తే కొందరిలో ప్రభావం తలకిందులవుతుందని చెప్పాను. వెంటనే ‘అయితే మీ ప్రయోగంలోకి ఎంతమందిని తీసుకుంటారు?’ అన్నారు. గణాంకశాస్త్రం పక్కన పెట్టకండి.