గెడ్డలు గీసుకుంటూ నేర్చుకున్న డ్రైనేజీ ప్యాటర్న్స్

మాది ఒడిశాలోని రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సివిల్స్ ప్రిలిమ్స్ పుస్తకాలేమో ఇంగ్లీషు. దాంతో జాగ్రఫీ నాకు రెండేళ్లపాటు బట్టీ సబ్జెక్టే. డ్రైనేజీ ప్యాటర్న్స్, అంటే ఒక ప్రాంతంలో నదులు, వాగులు కలిసి నేల మీద గీసే ఆకారాలు, కూడా అంతే: డెండ్రిటిక్ (చెట్టు కొమ్మల్లా) అంటే ఉత్తర మైదానపు నదులు, రేడియల్ (ఒక ఎత్తు నుంచి అన్ని వైపులకూ) అంటే అమర్‌కంటక్, సెంట్రిపెటల్ (అన్ని వైపుల నుంచీ ఒక పల్లంలోకి) అంటే లోక్‌తక్ సరస్సు. ఒక్కో పేరుకు ఒక్కో ఉదాహరణ, అక్కడితో సరి.

ఒక మాక్ టెస్టులో అమర్‌కంటక్ దగ్గర పుట్టే నదులేవని అడిగితే నర్మద, సోన్‌తో పాటు మహానదినీ కలిపేశాను. అది పుట్టేది ఛత్తీస్‌గఢ్‌లోని సిహావా దగ్గర. రెండు మార్కులు రాలేదు సరికదా, 0.66 కోత పడింది.

ఆ కోపంతో మా జిల్లా మ్యాపు ముందేసుకున్నాను. మా ఊరి మీదుగా పోయే నాగావళి కలహండి కొండల్లో పుట్టి శ్రీకాకుళం దగ్గర సముద్రంలో కలుస్తుంది. వంశధార కూడా ఆ చుట్టుపక్కలే పుట్టి కళింగపట్నం చేరుతుంది. అక్కడి కొండల్లోంచే ఇంద్రావతి పడమటికి తిరిగి గోదావరిని వెతుక్కుంటూ పోతుంది. ఉత్తరపు వాలు గెడ్డలు (కొండవాగులు) తేల్ నదిలో పడి మహానదికి వెళ్తాయి. రేడియల్ ఎలా ఉంటుందో మా కొండలే చూపించాయి! అయితే పరీక్షలో దీన్ని ఉదాహరణగా రాయకండి. అగ్నిపర్వతపు శంకువు చుట్టూ దిగినంత చక్కగా ఇక్కడి నదులు దిగవు. పేపరులో అమర్‌కంటకే క్షేమం.

తర్వాత 1:50,000 టోపో షీట్ (ఎత్తుపల్లాలు చూపించే సర్వే మ్యాపు) తీసుకున్నాను. అందులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. ట్రేసింగ్ పేపరు పరిచి గెడ్డలు మాత్రమే గీశాను. మొదటి షీట్ మొత్తం తలకిందులైంది. లోయలో కాంటూరు గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) 'వి' మొన నది ఎగువకు చూపిస్తుంది, నేను దిగువ అనుకున్నాను. రెండోసారి నిదానంగా గీస్తే చెట్టు కొమ్మల్లా వచ్చింది. ఎటు చూసినా రాయి ఇంచుమించు ఒకే గట్టిదనంతో ఉంటే నీళ్లు ఎటైనా కోసుకోగలవు, అందుకే కొమ్మల రూపం. గెడ్డ ఉన్నట్టుండి లంబకోణంలో తిరిగితే కింద రాతిలో పగుళ్లున్నాయేమో చూడాలి. గట్టి, మెత్తని రాతి పట్టీలు మడతలు పడిన చోట పొడవాటి నదులు పక్కపక్కనే సాగుతాయి, పొట్టి ఉపనదులు వాటికి అడ్డంగా వచ్చి కలుస్తాయి. అది ట్రెల్లిస్. ఇలా కారణం పట్టుకున్నాక పేర్లు వాటంతటవే గుర్తున్నాయి.

బ్రహ్మపుత్ర, సట్లెజ్‌లను యాంటిసిడెంట్ అంటారు కదా, అది ఆకారం సంగతి కాదు. కొండలు లేవకముందే నది ఉందన్న మాట. ఆకారాల పేర్లనూ దీన్నీ ఒకే పట్టికలో రాసుకోవద్దు.

వానపడ్డాక గెడ్డ దాటొద్దని మా నాయనమ్మ ఎప్పుడూ అనేది. 2017 జులై వరదలో తేరుబలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయినప్పుడు కూడా నాకు లెక్క అర్థం కాలేదు. ట్రేసింగ్ చూశాకే తెలిసింది: ఏటవాలు కొండల మీది చిన్న గెడ్డలన్నీ కాసేపట్లోనే ఒక్క పెద్ద పాయలోకి దిగుతున్నాయి. మెయిన్స్‌లో వరదల ప్రశ్నకు నేను గీసే బొమ్మ ఇప్పుడు ఇదే.

వారానికి ఒక షీట్ చాలు. సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో దొరుకుతాయి. ప్రింట్ మాత్రం పెద్ద కాగితం మీదే తీయించండి, ఏ4 మీద కాంటూర్లన్నీ ముద్దయిపోయి కళ్లు లాగుతాయి.