ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్: మూడు వారాలు నన్ను తిన్న నలభై సెకన్లు

నిన్న రాత్రి పదకొండున్నరకి మా హాల్లో టీవీ మీద ప్రోగ్రామ్ లోడయింది. ఆ కోపం, ఆ సంతోషం రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను. ఎవరింట్లోనైనా అటక మీద జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ (టీవీకి తగిలించుకుని, క్యాసెట్ మీద శబ్దంగా దాచిన ప్రోగ్రాములు లోడ్ చేసుకునే ఎనభైల నాటి ఇంటి కంప్యూటర్) ఉంటే పనికొస్తుంది. లేకపోతే నవ్వుకోడానికైనా పనికొస్తుంది.

మిషన్ మా మావయ్యది. ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేసేవాడు. 1984లో ఇంగ్లండు రేవులో దిగినప్పుడు 48కె (48 కిలోబైట్ల మెమరీ) మోడల్ కొన్నాడట. 1982లో సింక్లెయిర్ కంపెనీ దాన్ని విడుదల చేసినప్పుడు ఆ మోడల్ ధర 175 పౌండ్లు. విశాఖ వన్ టౌన్‌లో వాళ్ళ పాత ఇల్లు అమ్మేస్తుంటే అటక మీంచి ఇది, దాంతోపాటు ఒక టేప్‌రికార్డరు, ఒకే ఒక్క క్యాసెట్ దొరికాయి. క్యాసెట్ మీద మావయ్య చేతిరాతతో 'ఓటీ' అని రెండక్షరాలు. ఏమిటని అడిగితే, "ఏమో రా, నలభై ఏళ్ళయింది, ఎవడికి గుర్తు" అన్నాడు. ఆ మాటతోనే పురుగు తొలిచింది.

ముందు తేలికైనవి చెప్పేస్తాను.

కరెంటు: దీనికి 9 వోల్టుల డీసీ కావాలి. పిన్ను మధ్యలో మైనస్, బయట ప్లస్. మనకి బజార్లో దొరికే అడాప్టర్లు చాలావరకు దీనికి ఉల్టా. పెట్టేముందు మీటర్‌తో చూసుకోండి. తొందరపడి పెట్టేసి, కాలిన వాసన వచ్చాక మీటర్ తీసి లాభం లేదు.

టీవీ: బయటికిచ్చేది యాంటెన్నా సిగ్నల్, 36వ చానల్. కొత్త టీవీలతో ఆ ట్యూనింగ్ గోల పడలేక, లోపల బొమ్మని యాంటెన్నా సిగ్నల్‌గా మార్చే మాడ్యులేటర్ రేకు డబ్బాలోకి వెళ్ళే రెండు వైర్లూ విప్పేసి, వీడియో వైరుని నేరుగా సాకెట్‌కి అతికించాను. టీవీ వెనక పసుపు సాకెట్‌లో పెడితే బొమ్మ వచ్చింది. పావుగంట పని.

కీబోర్డు: రబ్బరు మీటల కింద పల్చటి ప్లాస్టిక్ షీటు ఉంటుంది. పాతబడితే దాని తోకలు అప్పడంలా విరిగిపోతాయి. కొత్తది ఇంగ్లండు నుంచి తెప్పించాను. నేను గుమ్మంలో కూర్చుని ఉండగానే 'డోర్ లాక్' అని మెసేజ్ పెట్టిన కొరియర్ కుర్రాడి గురించి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. వదిలేస్తున్నాను.

టేప్‌రికార్డరు: లోపలి బెల్టు కరిగి తారులా అయిపోయింది. సముద్రపు గాలికి స్క్రూలన్నీ తుప్పు. సోల్డరింగ్‌లో నా చేయి మంచిదే, ఆ మాట నేనే చెప్పుకోవాలి, కానీ ఆ జిగురు కడగడానికి ఓపిక లేక పూర్ణా మార్కెట్ దగ్గర సందులో ఒక పాత మెకానిక్‌కి ఇచ్చాను. క్యాసెట్ లోపలే ఉండిపోయింది. పోనీ, టెస్టుకు పనికొస్తుందిలే అనుకున్నాను. మర్నాడు వెళ్తే, "బెల్టేశాను, హెడ్డు తుడిచాను, వాయిస్ క్లియర్‌గా ఉంది సార్. గానీ ఆ క్యాసెట్‌లో పాట లేదేటి? కీచుమంటంది" అన్నాడు. డేటా అలాగే వినిపిస్తుందని చెప్పబోయి, ఎందుకులే అని డబ్బులిచ్చి వచ్చేశాను.

ఇక అసలు కథ.

స్పెక్ట్రమ్‌లో 'లోడ్' అని టైప్ చెయ్యక్కర్లేదు. 'జె' మీట నొక్కితే మాట మొత్తం పడుతుంది. కోట్ గుర్తులు రెండు కొట్టి ఎంటర్ నొక్కి, టేప్ ఆడించాలి. తెర అంచుల్లో ఎరుపు, లేత నీలం చారలు పాకాయి. 'ప్రోగ్రామ్: ఓటీ' అని పడింది. మా ఆవిడని కేకేసి పిలిచాను. చారలు నీలం, పసుపు అయ్యాయి, అంటే డేటా వస్తోందన్నమాట. పది పన్నెండు సెకన్లు గడిచాయి. టక్కున ఆగి, కింద 'ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్, 0:1', అంటే టేపు సరిగ్గా చదవలేకపోయానని.

రివైండ్ చేశాను. మళ్ళీ అదే. ఇంకోసారి. అదే.

మొదటి వారం వాల్యూమ్. ముప్పావు దగ్గర పెట్టమంటారు. సగం నుంచి పూర్తి దాకా గీత గీతకీ ఆపి చూశాను. రెండు కేబుళ్ళు మార్చాను.

రెండో వారం అనుమానం మిషన్ మీదికి వెళ్ళింది. ఫోన్‌లో ఒక గేమ్ ఆడియో ఫైలు పెట్టి, ఫోన్ నుంచి లోడ్ చేశాను. ఫోన్ శబ్దం దీనికి చాలదు, చారలే రాలేదు. మధ్యలో చిన్న యాంప్లిఫయర్ పెడితే వచ్చాయి. నాలుగు నిమిషాలు చక్కగా లోడయింది. ఇంకో నిమిషంలో అయిపోతుందనగా మా పెద్దబావ గారి గుడ్‌మార్నింగ్ గులాబీపువ్వు 'టింగ్' మంటూ దిగింది. ఎర్రర్. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి మళ్ళీ మొదలెడితే గేమ్ వచ్చింది. అంటే మిషన్ బాగుంది.

మరి రికార్డరే దొంగ. మెకానిక్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఒక పాత పాటల క్యాసెట్ పెట్టి, కొట్టు బయట నిలబడ్డ నలుగురికీ వినిపించి, "ఇందులో లోపమేటుంది? మీ ఆటబొమ్మే పోయిందేమో చూసుకోండి" అన్నాడు. ఆ నలుగురూ నవ్వారు. ఇరవై రెండేళ్ళుగా ఎలక్ట్రానిక్స్‌లో ఉన్నవాణ్ణి నేను. తలొంచుకుని వచ్చాను.

మూడో వారం హెడ్ అజిముత్ మీద, అంటే టేపుని చదివే హెడ్ వాలు మీద పడ్డాను. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. హెడ్ కాస్త వంకరగా ఉన్నా టేపు సరిగ్గా చదవదు. స్క్రూ తిప్పుతూ శబ్దం ఎక్కడ పదునుగా వస్తే అక్కడ ఆపాలి. చెవితో విని తిప్పాల్సిన స్క్రూని, తెర మీద చారలు చూస్తూ తిప్పాను. అంతకుముందు కనీసం పేరైనా వచ్చేది, అదీ పోయింది. మా ఆవిడ టీవీ మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందని అడగడం మానేసింది.

ఇక్కడ కొంచెం ఆగి ఒక మాట. ఇదంతా ఫోన్‌లో ఎమ్యులేటర్ (పాత కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) పెట్టుకుని ఉచితంగా ఆడుకోవచ్చు కదా అనేవాళ్ళు దయచేసి నాతో మాట్లాడొద్దు. మావయ్య క్యాసెట్ ఏ ఎమ్యులేటర్‌లో ఉంది?

నిన్న ఆదివారం. మా బావమరిది భోజనానికి వచ్చాడు. "బావా, ఏదీ నీ కంప్యూటర్?" అన్నాడు. చూపించాను. ఎర్రర్ కూడా చూపించాను. వాడు పడీపడీ నవ్వాడు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఇదంతా చూసి, "నాన్నా, అసలు ఆ క్యాసెట్‌లో ఏముందో విన్నావా?" అంది.

వినలేదు. రికార్డరు ఇయర్ సాకెట్‌లో జాక్ పెట్టగానే దాని స్పీకరు మూగబోతుంది. మూడు వారాల్లో ఒక్కసారి కూడా జాక్ తీసి ఆడించలేదు నేను. అమ్మాయి జాక్ లాగి ప్లే నొక్కింది.

సన్నటి ఈల. చిన్న కీచు. మళ్ళీ ఈల. గరగరమంటూ డేటా. తర్వాత 'టక్'.

"హలో... హలో... చెక్... వన్ టూ త్రీ... ఒరే, రెండు టీలు సెప్పు. ఒకటి పంచదార లేకుండా."

మళ్ళీ గరగర.

బావమరిది సోఫా మీంచి కిందికి జారాడు. మెకానిక్ రికార్డింగ్ పనిచేస్తోందో లేదో చూడ్డానికి, లోపలున్న క్యాసెట్ మీదే తన గొంతు ఎక్కించాడు. రికార్డరుకి లోపలే మైకు ఉంది కదా. 'వాయిస్ క్లియర్‌గా ఉంది సార్' అని ఆ రోజే చెప్పాడు, నాకే అర్థం కాలేదు. ప్రతిసారీ సరిగ్గా ఒకే చోట ఆగుతుంటే తప్పు టేపులోనే ఉందని చిన్నపిల్లకి తట్టింది, నాకు తట్టలేదు.

కాబట్టి రాసి పెట్టుకోండి: క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. అవి విరగ్గొడితే ఇక దానిమీద పొరపాటున ఎవడూ రికార్డు చెయ్యలేడు. కొత్తవి కొన్న గేముల క్యాసెట్లకి ముందే విరిచి అమ్మేవాళ్ళు. ఇంట్లో రికార్డు చేసినవాటికి మనమే విరవాలి. ఇంకోటి, రికార్డరు ఎవరికిచ్చినా ఖాళీగా ఇవ్వండి. టీలు తాగేవాళ్ళకి అసలివ్వకండి.

మావయ్యకి ఫోన్ చేసి సంగతి చెప్పాను. తిడతాడనుకున్నాను. "అయితే రెండోది పెట్టు" అన్నాడు.

"రెండోదేంటి?"

"ప్రతిదీ రెండుసార్లు సేవ్ చేసేవాణ్ణి రా, ఒకదాని వెనక ఒకటి. ఓడలో కరెంటునీ టేపునీ నమ్మడానికుంటుందా? రివైండ్ చెయ్యకు, అలా పోనీ."

మూడు వారాలుగా నేను చేసిందల్లా రివైండే.

ముందు, స్పీకర్‌లో వింటూ ఆ స్క్రూని పదును తేలేదాకా తిప్పాను. జాక్ పెట్టాను. 'జె', కోట్, కోట్, ఎంటర్. మెకానిక్ గారి టీ దాటింది. మళ్ళీ ఎరుపు చారలు, 'ప్రోగ్రామ్: ఓటీ'. నీలం, పసుపు. నలభై సెకన్లు హాల్లో ఎవరూ కదల్లేదు. '0 ఓకే'.

'ఆర్' నొక్కి రన్ చేస్తే తెర మీద ఒకే ప్రశ్న: ఓవర్‌టైమ్ అవర్స్? ఓటీ అంటే అదన్నమాట.

వీడియో కాల్‌లో మావయ్య కళ్ళజోడు పైకి తోసి, "నూట ఇరవై కొట్టు" అన్నాడు. కొట్టాను. డాలర్లు, రూపాయలు, కింద కలర్ టీవీకి ఇంకా ఎంత తక్కువో వచ్చాయి. కాసేపు చూసి, "ఇప్పుడు తొంభై ఆరు కొట్టి చూడు" అన్నాడు. "మీ అత్తకి ఉత్తరంలో నూట ఇరవై అని రాశాను. చేసింది తొంభై ఆరే."