అంచు మీద అరవై ఒకటి

మా ముత్తాత జీవితమంతా ఒకే కథ చెప్పాడట. ఓడెక్కి వెళ్లి, కొబ్బరి తోటల్లో యుద్ధానికి దిగితే, తుపాకులకన్నా తేనెటీగలే ఎక్కువ తరిమాయని. ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు. తేనెటీగల తాత అని పేరు పెట్టారు. ఆయన పోయాక ఆ పేరే మిగిలింది.

ఇంట్లో కాగితం ముక్క లేదు. డిశ్చార్జి పత్రం ఇల్లు కురిసిన ఏడాది తడిసి ముద్దయింది. వెండి పతకం నాన్న కాలేజీ ఫీజు కోసం కంసాలి దగ్గరికి వెళ్లింది. మిగిలింది ఒక కంచు బిళ్ల. దాని మీద రెక్కలున్న ఆడమనిషి చేతులు చాచి నిలబడి ఉంటుంది. మామగారి బిళ్ల మీద ఉన్నది ఎవరో దేవతే అయ్యుంటుందని నాయనమ్మ దాన్ని దేవుడి పీట మీద పెట్టుకుంది. శుక్రవారం శుక్రవారం చింతపండుతో తోమి బొట్టు పెట్టేది. అరవై ఏళ్లు అలా తోమితే దేవత ముఖం నున్నగా అరిగిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధం పతకాల అంచు మీద సిపాయి నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయని ఈ మధ్యే చదివాను. నాయనమ్మను బతిమాలి బిళ్ల తీసుకుని, ముత్తాత వివరాలు వెతికిద్దామని రాజమండ్రిలో బెంగళూరు వెళ్లే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

స్లీపర్‌లో సైడ్ లోయర్ దొరికింది. పేరుకే అది నాది, నెల్లూరు దాకా ముగ్గురం కూర్చున్నాం. పొద్దున చిత్తూరు వైపు మాటతో ఒక పెద్దాయన వచ్చి ఎదురుగా కూర్చున్నారు. సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే మద్రాస్ సాపర్స్‌లో పనిచేసి రిటైరయ్యారట. "మమ్మల్ని తంబీలంటారు నాయనా, తెలుగోళ్లయినా తంబీలే" అన్నారు. నేను జేబులోంచి బిళ్ల చుట్టిన రుమాలు తీసి విప్పగానే ఆయన మాట ఆగిపోయింది. చేతులు తుడుచుకుని మరీ బిళ్ల అందుకున్నారు. సెల్‌ఫోన్ లైటు అంచుకు అడ్డంగా పెట్టి మెల్లగా తిప్పారు. ఎదురుగా వెలుగు పడితే ఏమీ కనబడదు, పక్కనుంచి పడితే గీతలు లేస్తాయి. ఎండిన కుంకుమ అక్షరాల్లో ఇరుక్కుపోయి ఉంది. చింతపండుకు అరిగినచోట అరిగింది గానీ, కుంకుమ నిలిచినచోట అక్షరం ఎర్రగా చదవడానికి వస్తోంది. నంబరులో సగం పోయింది. ముత్తాత పేరు ఇంగ్లీషులో విరిగి ఉంది. చివర మాత్రం స్పష్టంగా 61, ఆ పక్కన పయొనీర్స్.

"ఇది మా సాపర్స్ కాదు, పయొనీర్లది" అన్నారాయన. పయొనీర్లంటే ఒక చేత్తో తుపాకీ, ఇంకో చేత్తో పార. రోడ్లు వేయాలి, కందకాలు తవ్వాలి, అవసరమైతే యుద్ధమూ చేయాలి. మద్రాస్ పయొనీర్లను 1933లో రద్దు చేశారట. "బ్రిగేడ్ రోడ్డులో వాళ్ల రాయి ఉంది, చూడు" అని చెప్పి, దిగేముందు బిళ్లను కళ్లకద్దుకుని ఇచ్చారు.

కంటోన్మెంట్‌లో దిగి నేను వెళ్లాల్సిన ఆఫీసుకు వెళ్లాను. పేరు చెప్పను. రెండు గంటలు కూర్చోబెట్టి, డిశ్చార్జి పత్రం ఉంటేనే వెతుకుతామన్నారు. ఆ పత్రం ఉంటే నాకు ఈ తిరుగుడు ఎందుకు? బిళ్ల చూడండి అంటే చూడను కూడా చూడలేదు. కోపంతో బయటికొచ్చి ఆటో అడిగితే బ్రిగేడ్ రోడ్డుకు మూడొందలన్నాడు. తెలుగులో బేరమాడితే రెండొందలకు దిగాడు. మా ఊళ్లో ఆ డబ్బుతో రోజంతా తిరగొచ్చు.

బట్టల షాపులు, ట్రాఫిక్ నడుమ ఆ రాతి స్తంభం నిలబడి ఉంది. జనం దాని పక్కనుంచి నడిచి పోతున్నారు, ఎవరూ తలెత్తడం లేదు. రాతి మీద 61 కనబడగానే నా గొంతు పట్టేసింది. ఆ రాయి చనిపోయినవాళ్లది. బతికి ఇంటికొచ్చి పొలం దున్నుకున్నవాడి పేరు ఏ రాతి మీదా ఉండదు. మా ముత్తాతకు ఈ బిళ్ల అంచు ఒక్కటే. ఆ వరసలో నా చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాను.

రాత్రి లాడ్జిలో 61వ పటాలం గురించి చదువుతూ కూర్చున్నాను. 1914 అక్టోబరులో బొంబాయిలో ఓడెక్కారు. నవంబరు 2 రాత్రి నుంచి జర్మన్ తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవు దగ్గర దిగారు. ఇప్పుడది టాంజానియాలో ఉంది. మొదట ఒడ్డుకు దిగినవాళ్లలో వీళ్లున్నారు. ఇటు బ్రిటిష్ ఇండియా వైపు ఎనిమిది వేలమంది, అటు జర్మన్ల వైపు సుమారు వెయ్యిమంది. అయినా మనవాళ్లే ఓడిపోయి 5న తిరిగి ఓడలెక్కారు. ఆ కింద ఇంకో వాక్యం ఉంది. కాల్పులకు చెట్ల మీద తేనెపట్లు కదిలి, తేనెటీగలు సైనికుల మీద పడ్డాయి. ఆ యుద్ధానికి తేనెటీగల యుద్ధమని పేరే ఉంది.

లేచి లైటు వేసి మళ్లీ చదివాను. టైము పదకొండు దాటినా నాయనమ్మకు ఫోన్ చేశాను. మొత్తం విని చాలాసేపు మాట్లాడలేదు.

"చింతచెట్టుకు తేనెపట్టు పడితే పొగ పెట్టనిచ్చేవారు కాదురా మామగారు" అంది. "తలుపు చాటున నిలబడి నేనూ నవ్వాను."

తర్వాత గొంతు సర్దుకుని, రేపటికల్లా బయల్దేరమంది. శుక్రవారానికి బిళ్ల పీట మీద ఉండాలి. ఇక చింతపండు పెట్టనని, తడిబట్టతో తుడిచి, అంచుకు కూడా ఒక బొట్టు పెడతానని చెప్పింది.