కంట్లోంచి తీసిన పురుగు ఏ జాతిదో తేల్చడం: నా అనుభవం

మైక్రోబయాలజీ పీజీ రెండో ఏడాదిలో ఉండగా ఒక పురుగు మా ల్యాబ్‌కి ఫార్మలిన్‌లో వచ్చింది. రోగి కంటి తెల్లపొర కిందినుంచి తీసిందది. ఫార్మలిన్‌లో డీఎన్‌ఏ పాడైపోతుంది. డీఎన్‌ఏతో జాతిని తేల్చే పీసీఆర్ పరీక్ష పనిచేయలేదు. "ఫైలేరియా జాతి పురుగు" అని, అంటే బోదకాలు పురుగు కూడా ఉండే పెద్ద గుంపు పేరు మాత్రం రాసి, రిపోర్టు ఇచ్చేశాం. నాకు మాత్రం మనసొప్పలేదు.

ఆర్నెల్లకు, కూలికెళ్లే ఒకావిడ వచ్చింది. "కంట్లో దారప్పోగులా కదుల్తోంది డాక్టరమ్మా" అంది. అది బోదకాలు పురుగేనని ఎవరో చెప్పారట, కాలు వాస్తుందేమోనని ఒకటే ఏడుపు. కొడుకేమో ఇంట్లో కుక్కని ఊరవతల వదిలేస్తానంటున్నాడు. ఈసారి ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర సెలైన్ సీసా పట్టుకుని నేనే నిలబడ్డాను.

తెల్లటి పురుగు, 11 సెంటీమీటర్లు, సెలైన్‌లో ఇంకా మెలికలు తిరుగుతోంది. ఒక ముక్క కోసి ఆల్కహాల్‌లో వేసి, మిగతాది మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఒళ్లంతా నిలువుగా గట్లు, దున్నిన చేలో చాళ్లు తీరినట్టు! కుక్కల్లో ఉండి, దోమల ద్వారా మనిషికి వచ్చే డైరోఫైలేరియా రెపెన్స్ అనే పురుగుకి అదే ఆనవాలు. దాని దగ్గరి చుట్టం, కుక్క గుండెలో చేరే డైరోఫైలేరియా ఇమ్మిటిస్ పైపొర నున్నగా ఉంటుంది. ఆఫ్రికాలో కంట్లో కనిపించే లోవా లోవాకీ ఈ చాళ్లుండవు. ఈగలు మోసే థెలాజియాకైతే గీతలు అడ్డంగా ఉంటాయి.

ఆవిడ రక్తం రాత్రిపూట తీసి చూశాం, ఏమీ లేదు. ఈ పురుగు మనిషిలో పిల్లల్ని పెట్టేదాకా ఎదగడం చాలా అరుదు. ఇక కుక్క రక్తం. 1 మి.లీ. రక్తంలో 9 మి.లీ. 2 శాతం ఫార్మలిన్ కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున మిగిలినదానికి మిథిలీన్ బ్లూ వేశాం. నీలంగా మైక్రోఫైలేరియాలు, అంటే పురుగు పిల్లలు, కనిపించాయి. బోదకాలు పురుగు పిల్లలకుండే తొడుగు వీటికి లేదు. కొలిస్తే 360 మైక్రాన్ల దాకా ఉన్నాయి, ఇమ్మిటిస్ పిల్లలు మామూలుగా అంత పొడవుండవు. తర్వాత వచ్చిన డీఎన్‌ఏ సీక్వెన్స్‌లో పురుగుదీ కుక్కదీ రెండూ రెపెన్సే.

ఆవిడకి బోదకాలు మాత్రలు అవసరం లేదని, పురుగు తీసేయడంతోనే వైద్యం అయిపోయిందని చెప్పాం. కొడుకుని కూర్చోబెట్టి, "కుక్క నాకితే రాదయ్యా, దోమ కుడితేనే వస్తుంది. ఏ కుక్కని కుట్టిన దోమో ఎవరూ చెప్పలేరు. దాన్ని వదిలెయ్యకు, పశువుల డాక్టరుకి చూపించు" అన్నాను. మర్నాడే తీసుకెళ్లాడు.

ఆ వారంలోనే పాత ఫార్మలిన్ సీసా బయటికి తీశాను. డీఎన్‌ఏ పోయినా పైపొర చెక్కుచెదరలేదు. సన్నగా అడ్డకోత కోసి చూస్తే, అంచు చుట్టూ అవే గట్లు. పాత రిపోర్టు మార్చి, ఆ రోగికి ఫోన్ చేశాను.