మా ఇంట్లో వెదర్ బెలూన్

స్ప్రింగ్ బ్రేక్‌కి ఎక్కడికి వెళ్దాం అని అడగడం మా ఆయన చేసిన తప్పు. మావాడు ఆలోచించకుండా "రాస్‌వెల్" అన్నాడు. 1947లో దగ్గర్లో గ్రహాంతరవాసుల వాహనం కూలిందని జనం చెప్పుకునే న్యూ మెక్సికో ఊరది. వాడికి పదకొండేళ్ళు, గ్రహాంతరవాసుల పిచ్చి పట్టి రెండేళ్ళయింది. పెద్దది మూతి తిప్పి మళ్ళీ ఫోన్‌లో తల దూర్చేసింది. టెక్సాస్‌లో మేముండే ఫ్రిస్కో నుంచి లబ్బక్ మీదుగా ఎనిమిది గంటల డ్రైవ్, కూలర్‌లో పెరుగు, పెద్ద డబ్బాలో పులిహోర. పులిహోర లేకుండా మేం టెక్సాస్ దాటలేదు ఇంతవరకు.

(ఏలియన్ అనే మాట మన ఇమిగ్రేషన్ కాగితాల మీద కూడా ఉంటుందనే జోకు తెలుగువాళ్ళందరూ ఎప్పుడో వేసేశారు, నేను మళ్ళీ వేయను.)

ఊరు చూస్తే నవ్వొస్తుంది. వీధిదీపాలకి కూడా నల్లటి పెద్ద కళ్ళు గీశారు, మెక్‌డొనాల్డ్స్ సాసర్ ఆకారంలో ఉంటుంది. అక్కడి యూఎఫ్ఓ మ్యూజియం ఒకప్పుడు సినిమా హాలట. లోపల గోడల నిండా పేపర్ కటింగులే. మావాడు ఒక్కొక్కటీ చదువుతూ నిలబడితే నా కాళ్ళు పీకేశాయి. కానీ చదువుతున్న కొద్దీ నాకూ ఆసక్తి పుట్టింది, అది మాత్రం ఒప్పుకుంటాను.

జరిగింది ఇదీ. 1947 జూన్ 24న కెనెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ రెయినియర్ దగ్గర తొమ్మిది వస్తువులు వేగంగా పోతుండగా చూశానన్నాడు, పేపర్లు వాటికి ఫ్లయింగ్ సాసర్లని పేరు పెట్టాయి, దేశమంతా అదే గోల. రాస్‌వెల్‌కి దూరంగా ఒక రాంచ్ చూసుకునే మాక్ బ్రేజెల్‌కి అంతకు కొన్నాళ్ళ ముందే మేత భూముల్లో చిందరవందరగా పడి ఉన్న సామాను కనబడింది. రబ్బరు ముక్కలు, వెండి రంగు రేకు కాగితం, పుల్లలు, పూల బొమ్మలున్న టేపు. జూలై మొదట్లో షెరీఫ్‌కి చెప్పాడు, షెరీఫ్ సైన్యానికి చెప్పాడు. జూలై 8న అక్కడి ఎయిర్ బేస్ వాళ్ళే స్వయంగా ఫ్లయింగ్ డిస్క్ దొరికిందని ప్రకటన ఇచ్చారు! అదేమీ మామూలు బేస్ కాదు, జపాన్ మీద అణుబాంబులు వేసిన 509వ బాంబ్ గ్రూప్ ఉండే చోటు. ఆ సామాను విమానంలో టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌కి చేరింది, అక్కడ జనరల్ రేమీ ఫోటోలకి నిలబడి ఇది వట్టి వెదర్ బెలూన్ అనేశాడు. అంతే, ముప్ఫై ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఫోటోల నెగటివ్ యూటీ ఆర్లింగ్టన్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉందని నాకు ఈ మ్యూజియంలోనే తెలిసింది. నేను ఎమ్మెస్ చేసింది అక్కడే. రెండేళ్ళు ఆ లైబ్రరీలో ఏసీ కోసం కూర్చున్నాను, ఒక్కసారి కూడా పై అంతస్తులో ఏముందో చూడలేదు. మావాడు నన్ను చూసిన చూపు ఎలా ఉందంటే, బంగారు గని మీద కూర్చుని కునుకు తీసినదాన్ని చూసినట్టు.

1978లో స్టాంటన్ ఫ్రీడ్‌మన్ అనే పరిశోధకుడు మేజర్ జెస్సీ మార్సెల్‌ని పట్టుకున్నాడు. రాంచ్ నుంచి ఆ సామాను తెచ్చిన అధికారి ఆయనే. అది ఈ లోకపు వస్తువు కాదు అన్నాడాయన. అక్కడి నుంచి పుస్తకాలు, సాక్షులు, శవాల కథలు. 1994లో ఎయిర్ ఫోర్స్ అసలు సంగతి ఇదీ అని ఇంకో మాట చెప్పింది: అది ప్రాజెక్ట్ మొగల్ తాలూకు బెలూన్ల గొలుసు. సోవియట్ వాళ్ళు అణుపరీక్ష చేస్తే ఆ శబ్దాన్ని ఆకాశంలో ఎత్తున పట్టుకోవాలని మైకులు కట్టి ఎగరేసేవాళ్ళు, అది రహస్యం కాబట్టి వెదర్ బెలూన్ అని కప్పిపుచ్చారు. బెలూన్ల కింద వేలాడే రాడార్ రిఫ్లెక్టర్లని పూల బొమ్మల టేపుతో అతికించేవాళ్ళట. నాకు అది చాలు. బ్రేజెల్ చెప్పిన పూల టేపు దొరికిందిగా.

మావాడికి చాలలేదు. "అమ్మా, ఫస్ట్ టైమ్ వాళ్ళు అబద్ధం చెప్పామని వాళ్ళే అంటున్నారు కదా. మరి సెకండ్ టైమ్ చెప్పింది నిజమని ఎలా నమ్మాలి?"

పెద్దది ఫోన్ పక్కన పెట్టి రంగంలోకి దిగింది. ఎదురుగా సాక్ష్యం ఉంటే నమ్మాలిరా అని. వాడు ఊరుకోలేదు. పడిందని చెప్పే ఆ బెలూను 1947 జూన్ 4 నాటిది, దాని రికార్డు లేదు, అప్పుడు మొగల్ ప్రాజెక్టులో పనిచేసిన క్రేరీ అనే ఆయన డైరీలో ఆ రోజు మబ్బుల వల్ల బెలూన్ ఎగరలేదని ఉందన్నాడు. ఆ తర్వాతి వాక్యమే బెలూన్ల గుంపుతో మైకుని పంపామని చెబుతుంది, అది నువ్వు చదవలేదు అంది పెద్దది. వాడు ఇంకా ఎగిరాడు: ఎయిర్ ఫోర్స్ 1997 రిపోర్టులో శవాల కథలకి కారణం పారాచూట్ పరీక్షలకి వాడిన మనిషి ఆకారపు బొమ్మలన్నారు, ఆ బొమ్మలు వేసింది 1950ల్లో కదా! ఈ ఒక్కదాంట్లో వాడితో నేను ఏకీభవిస్తాను, ఆ వివరణ అతికినట్టు లేదు. అతకని వివరణ ఇచ్చినంత మాత్రాన ఏలియన్లు వచ్చినట్టు కాదు, అది వేరే సంగతి.

కానీ వాడి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోవడానికి కారణం రాస్‌వెల్ కాదు.

పోయినేడు హైదరాబాద్‌లో మా అత్తయ్యకి గుండెపోటు వచ్చింది, ఐసీయూలో పెట్టారు. మా ఆయన ఆ రాత్రే బయల్దేరారు. పిల్లలకి ఏం చెప్పాం? డాడీ ఆఫీసు పని మీద వెళ్ళారు, నానమ్మ బాగానే ఉంది. మావాడికి ఆ వారం స్కూల్లో పరీక్షలు, ఎందుకు టెన్షన్ పెట్టడం అనుకున్నాం. మా ఇళ్ళల్లో ఇదే పద్ధతి. మా తాత పోయిన విషయం హాస్టల్లో ఉన్న నాకు పదో రోజుకి చెప్పారు, నేను అడగలేదు, అదే ప్రేమ అనుకున్నాను. మావాడు మాత్రం ఐదో రోజు కజిన్‌తో ఆన్‌లైన్ గేమ్ ఆడుతుంటే అవతలివాడు నోరు జారాడు. స్టెంట్లు వేశారు, అత్తయ్య ఇంటికొచ్చేశారు, ఇప్పుడు రోజూ వాకింగ్‌కి వెళ్తున్నారు. అయినా నేను "నానమ్మ బాగుంది" అంటే వాడు వీడియో కాల్ చేయమంటాడు. మొహం చూపించమంటాడు. ఒకసారైతే నడిచి చూపించమన్నాడు.

తిరుగు ప్రయాణంలో మా నాన్నకి ఫోన్ చేశాం. ఆయన ఉండేది వికారాబాద్ జిల్లాలో. 2022 డిసెంబర్‌లో ఆ జిల్లాలోనే ఒక పొలంలో పెద్ద క్యాప్సూల్ లాంటిది దిగితే జనం ఎగబడి చూశారు, యూఎఫ్ఓ అని వార్త పాకింది. తీరా చూస్తే స్పెయిన్ కంపెనీ హాలో స్పేస్ వాళ్ళ పరీక్ష, హైదరాబాద్‌లో టీఐఎఫ్‌ఆర్ అనే పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి ఎగరేశారు. అది బెలూనే, ఇదీ బెలూనే. "మరి దాని మీద ఎవరూ డౌట్ పడలేదా తాతయ్యా?" అన్నాడు వీడు.

"ఎందుకు పడతార్రా, ఏమిటో వెంటనే చెప్పేశారుగా" అన్నారు నాన్న, తాపీగా.

నేను స్టీరింగ్ పట్టుకుని లబ్బక్ దాకా ఏమీ మాట్లాడలేదు. మా ఆయన వెనక సీట్లో పులిహోర డబ్బా అడుగు గీకుతున్నారు.

మొన్న తెల్లవారుజామున నాలుగింటికి ఇండియా నుంచి ఫోన్ మోగింది. హాల్లోకి వచ్చి మెల్లగా మాట్లాడి పెట్టేసి చూస్తే మావాడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "అమ్మా, వెదర్ బెలూనా?" అన్నాడు. లేదురా, నానమ్మకి షుగర్ పెరిగిందట, డాక్టర్ మందు మార్చారు, అత్త చెప్పింది అన్నాను. ఎంత అన్నాడు. మూడొందల పది అన్నాను. వెళ్ళి పడుకున్నాడు.