వరిగడ్డి కరిగేలోపే ఎంజైమ్ చచ్చిపోతే?

కోతలయ్యాక కొయ్యకాళ్లకు నిప్పు పెడుతుంటే ఆ పొగలోనే బడికి వెళ్లినదాన్ని, అందుకే ల్యాబ్‌లో వరిగడ్డి మీద పని దొరికినప్పుడు నిజంగా సంబరపడ్డాను. గడ్డిలోని సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ గొలుసే, సెల్యులేజ్ ఎంజైమ్ (ఇదో ప్రొటీన్) దాన్ని తెంపితే చక్కెర, చక్కెరకి ఈస్ట్ తగిలితే ఇథనాల్. పానిపట్‌లో 2022లో ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ ఇథనాల్ ప్లాంటు ఆధారపడింది కూడా వరిగడ్డి మీదే.

మేం వాడే సెల్యులేజ్ ట్రైకోడెర్మా రీసీ అనే బూజుది. రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాల నూలుగుడ్డను తినేసిన బూజు ఇది!

మొన్నో సాయంత్రం పని త్వరగా తెములుతుందని ఒక షేకర్‌ని (గడ్డి, ఎంజైమ్ ఉన్న ఫ్లాస్కుల్ని వెచ్చగా ఉంచి తిప్పే యంత్రం) 50 డిగ్రీల నుంచి 60కి పెంచాను. రెండు గంటలకు తీసిన శాంపిల్‌లో డీఎన్ఎస్ (చక్కెర ఎంత ఎక్కువుంటే అంత ముదురు రంగు చూపించే రసాయనం) కలిపి ట్యూబుని మరిగే నీళ్లలో పెడితే, పసుపు ద్రావణం చక్కటి ఇటుక రంగుకి తిరిగింది, 50 డిగ్రీల దానికంటే ముదురుగా. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. పొద్దున తీసిన శాంపిల్‌దీ సరిగ్గా అదే రంగు, అంటే రాత్రంతా గడ్డి అలాగే ఉంది, ఎంజైమే పోయింది. వేడి పనిని ఉరకలెత్తిస్తుంది, ఆ వేడే ప్రొటీన్ మడతల్ని విప్పేస్తుంది కూడా. గంటసేపు చేసే పరీక్షలో బాగా పనిచేసిన ఉష్ణోగ్రతని 72 గంటల పనికి పెట్టకూడదు, ఈ మాట నాకు ముందే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది.

అయితే ప్రతిదానికీ వేడినే తిట్టక్కర్లేదు. పీహెచ్ 4.8 దగ్గర నిలబడకపోయినా, షేకర్ మరీ జోరుగా తిరిగి నురగ వచ్చినా (గాలీ నీళ్లూ కలిసేచోట ప్రొటీన్ చెడిపోతుంది) నష్టమే. ఇక గడ్డికి గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ సంగతి, ఎంజైమ్ దానికి అతుక్కుని ఉండిపోతుంది, సెల్యులోజ్ దాకా చేరదు. కొన్నిసార్లు ఎంజైమ్ బతికే ఉంటుంది, పేరుకున్న సెల్లోబయోజ్ (రెండు గ్లూకోజ్‌ల ముక్క) దాన్ని ఆపేస్తుంది, అప్పుడు ఆ ముక్కని విడగొట్టే బీటా గ్లూకోసిడేజ్ అనే ఎంజైమ్ కొంచెం వేస్తే మళ్లీ కదులుతుంది. చచ్చిందా, ఆగిందా అన్నది తేల్చుకోకుండా ఎంజైమ్ డోసు పెంచుకుంటూ పోతే డబ్బు దండగ, అసలే ఖరీదైన సరుకు.

ట్వీన్ 80 అనే సబ్బులాంటి రసాయనం లిగ్నిన్‌ని కప్పేసి ఎంజైమ్‌ని కాపాడుతుందంటారు కదా, ఈ వారం అది కలిపిన ఫ్లాస్కు, కలపనిది పక్కపక్కనే 50 డిగ్రీల్లో తిరుగుతున్నాయి. మూడోరోజు శాంపిల్ రేపు తీయాలి.