గేట్ మెకానికల్: వైబ్రేషన్స్ చాప్టర్ నాకు ఎలా పట్టుబడింది

ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌కు ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రాస్తున్నాను. మాది మిర్యాలగూడ దగ్గర పల్లెటూరు. మా నాయన పిండి గిర్ని నడుపుతాడు.

మొదటిసారి వైబ్రేషన్స్‌ ఫార్ములాలన్నీ ఒక పేజీలో రాసుకుని బట్టీ పట్టాను. ఒక మాక్ టెస్టులో "డ్యాంపింగ్ (ఊగుడును అణచే గుణం) పెంచితే పునాదికి చేరే బలం ఎప్పుడూ తగ్గుతుంది" అన్న ఆప్షన్ కనిపించగానే టిక్ పెట్టాను. రెండు మార్కులు పోయాయి, పైగా మూడింట రెండు వంతుల మార్కు కోత. సొల్యూషన్ చదివినా బుర్రకెక్కలేదు.

ఆ సంక్రాంతికి ఇంటికొచ్చాను. సకినాల పిండి పట్టించుకునేవాళ్లతో గిర్ని నిండిపోయింది. ఇంతలో కరెంటు పోయింది. మోటారు నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ, ఒక్కచోట బేస్ మొత్తం గడగడా ఊగింది, మళ్లీ చల్లబడి ఆగింది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కానీ ఆరోజు మాత్రం నోట్‌బుక్ తీశాను. ఆ ఊగినచోట మోటారు వేగం బేస్ సహజ పౌనఃపున్యంతో, అంటే అది దానంతటదే ఊగే వేగంతో కలిసింది. అదే రెసొనెన్స్.

నాయన మోటారు కింద పాత లారీ టైరు ముక్కలు పెట్టాడు. బరువుకు అవి 1 మిల్లీమీటరు దిగాయనుకుందాం. గురుత్వ త్వరణాన్ని ఆ దిగుడుతో భాగించి వర్గమూలం తీస్తే సహజ పౌనఃపున్యం సెకనుకు 99 రేడియన్లు, అంటే సుమారు 945 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు). మోటారు తిరిగేది 1440. మోటారు వేగానికీ సహజ పౌనఃపున్యానికీ నిష్పత్తి 1.52. డ్యాంపింగ్ వదిలేసి లెక్కేస్తే కదిలించే బలంలో 76 శాతం నేలకు చేరుతోంది. అలాంటి ముక్కలే ఇంకో వరుస వేస్తే? స్ప్రింగులు సిరీస్‌లో, అంటే ఒకదాని మీద ఒకటి ఉన్నట్టే. స్టిఫ్‌నెస్ (గట్టిదనం) సగమై, దిగుడు 2 మిల్లీమీటర్లు అవుతుంది, నేలకు చేరేది 28 శాతం లోపే.

కదిలించే బలంలో ఎంత భాగం నేలకు చేరుతుందో చెప్పే ట్రాన్స్‌మిసిబిలిటీ గ్రాఫ్‌ను చూడకుండా గీయడం నేర్చుకోండి. డ్యాంపింగ్ ఎంతున్నా గీతలన్నీ నిష్పత్తి 1.414 దగ్గర, విలువ 1 వద్ద కలుస్తాయి. అంతకు ముందు డ్యాంపింగ్ మేలు చేస్తుంది. దాటాక డ్యాంపింగ్ ఎక్కువైతే నేలకు చేరే బలమూ ఎక్కువవుతుంది. మరి డ్యాంపింగ్ ఎందుకంటే, మోటారు మొదలైనప్పుడూ ఆగేటప్పుడూ ఆ గడగడను దాటించడానికి. నాకు ఈ ఒక్క బొమ్మే బట్టీ పట్టిన పేజీ మొత్తం కంటే ఎక్కువ పనికొచ్చింది.

ఊగుడు సైకిల్ సైకిల్‌కూ ఎంత తగ్గుతుందో కొలిచే లాగరిథమిక్ డిక్రిమెంట్‌లో మాత్రం లెక్కింపు దగ్గర జాగ్రత్త. మొదటి శిఖరం నుంచి ఐదో శిఖరం దాకా సైకిళ్లు నాలుగే, ఐదు కాదు. న్యూమరికల్ ఆన్సర్ ప్రశ్నల్లో నెగెటివ్ ఉండదు కాబట్టి టెన్షన్ పడకుండా పూర్తిగా చేయండి, కాలిక్యులేటర్‌లో యూనిట్లు ఒకసారి సరిచూసుకోండి. షాఫ్ట్ క్రిటికల్ స్పీడ్‌లో (షాఫ్ట్ విపరీతంగా ఊగే వేగం) కూడా, భారం వల్ల షాఫ్ట్ ఎంత వంగిందో తెలిస్తే వచ్చేది ఇదే వర్గమూలం.

ఆ రాత్రి నాయనకు లెక్క చూపించాను. మర్నాడు పొద్దున్నే టైరు కోస్తూ కనిపించాడు. రెండో వరుస బిగించాక మోటారు ఆన్ చేసి, పక్కన నేల మీద అరచేయి ఆనించి, "నువ్వూ పెట్టి చూడు" అన్నాడు.